నాడి పట్టుకుని ఊపిరి వదిలి చూడండి

"ధ్యానమంటూ కళ్లు మూసుకుని కూర్చుంటే టెన్షన్ తగ్గుతుందంటారు. అదంతా భ్రమేనా, ఒంట్లో నిజంగా ఏమైనా జరుగుతుందా నాయనా?" అని మొన్న పక్కింటి పిన్నిగారు అడిగారు.

మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, నెమ్మదిగా పీల్చి, ఇంకా నెమ్మదిగా వదలమన్నాను. పీల్చేటప్పుడు నాడి వడిగా, వదిలేటప్పుడు నిదానంగా కొట్టుకుంటుంది. చిన్నవయసు వాళ్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది. జబ్బేమీ కాదు. జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ లుడ్విగ్ 1847లోనే దీన్ని గీతల్లో పట్టాడు.

గుండెను జట్కా గుర్రం అనుకోండి. దాని మానాన దాన్ని వదిలేస్తే నిమిషానికి 100 సార్లు కొట్టుకుంటుంది. మనకు 70 దగ్గర ఉంటోందంటే, మెదడు అడుగు నుంచి దిగే వాగస్ అనే నరం రోజంతా కళ్లెం బిగించి పట్టుకుందన్నమాట. గుండె మార్పిడిలో ఈ కళ్లెం తెగిపోతుంది. అందుకే అది చేయించుకున్నవాళ్లకు ఊరికే కూర్చున్నా నాడి మామూలుగా 90 పైనే ఉంటుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా పట్టు సడలుతుంది, వదిలినప్పుడల్లా బిగుస్తుంది. జట్కావాడికి చెర్నాకోల కూడా ఉంది: గుండెను పరిగెత్తించే సహానుభూత నాడులు (సింపథెటిక్ నరాలు). దాని దెబ్బకు గుర్రం వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. కళ్లెం లాగితే మాత్రం మరుసటి అడుగులోనే తెలుస్తుంది. వాగస్ కొసల్లో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై, గుండె లయను నడిపే కణాల్లో పొటాషియం ద్వారాలు తెరుచుకుని, ఆ పొటాషియం అయాన్లు (విద్యుదావేశమున్న కణికలు) బయటికి పోయి, కణం లోపల రుణావేశం పెరిగి, తర్వాతి స్పందన ఆలస్యమవుతుంది. ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త 1921లో ఒక కప్ప గుండెకున్న వాగస్‌ను ప్రేరేపించి, ఆ గుండె నానిన ద్రవాన్ని ఇంకో గుండెకు అందిస్తే అదీ నిదానించింది! 1936లో నోబెల్ వచ్చింది. బళ్లో మాచేత వాగస్‌తో సహా పన్నెండు జతల కపాల నాడుల (మెదడు నుంచి వచ్చే నరాల) పేర్లు బట్టీ పట్టించారు గానీ, ఈ కప్పల కథ ఎవరూ చెప్పలేదు.

రక్తపోటులో సుమారు పది సెకన్లకోసారి సహజంగా ఓ అల లేస్తుంది. నిమిషానికి ఆరు శ్వాసలు తీస్తే, ఊపిరి ఆ అలతో జత కలుస్తుంది. వెనక్కి వచ్చిన ఉయ్యాలను సరిగ్గా అప్పుడే తోసినట్టు, నాడి ఊగు పెద్దదవుతుంది. ఇటలీకి చెందిన బెర్నార్డి బృందం 2001లో లాటిన్‌లో చదివే క్రైస్తవ జపమాల ప్రార్థననూ, 'ఓం మణి పద్మే' మంత్రాన్నీ పరీక్షిస్తే, రెండూ శ్వాసను ఆరు దగ్గరికే తెచ్చాయి. ఏ దేవుడి పేరో వాగస్ పట్టించుకోలేదు. నెత్తిన పిరమిడ్ టోపీ ఉందో లేదో కూడా దానికి అనవసరం.

ధ్యానమంటే ఊపిరొక్కటే కాదనుకోండి, కానీ నాకు నచ్చిన ముక్క ఇదే.

"అయితే రేపట్నుంచి బీపీ మాత్ర మానేస్తా" అన్నారు పిన్నిగారు. డాక్టరు చెప్పేదాకా ఆ పని చెయ్యకండి అన్నాను.