పారిస్ వెళ్లే స్టూడెంట్ గ్రూపులకు: కోచ్ డ్రైవర్ టైమ్‌పై అపోహలు - వాస్తవాలు

వేసవి సెలవుల్లో కాలేజీ గ్రూపులను యూరప్ తీసుకెళ్లడం నా పని. బయల్దేరే ముందు మీటింగ్ పెట్టి అన్నీ చెబుతాం. అయినా పారిస్ సైట్ సీయింగ్ రోజు పొద్దు వాలేసరికి అదే గొడవ. "రోజంతటికీ డబ్బు కట్టాం కదండీ, బస్సు ఇంకో గంట ఆగితే ఏం పోయింది?" ఈ ఒక్క అపోహ వల్ల గ్రూపులు నష్టపోయినంతగా ఇంక దేనివల్లా నష్టపోవడం నేను చూడలేదు.

అపోహ: బస్సు రోజంతా మనదే, డ్రైవర్ మనం చెప్పినంతసేపు ఉండాలి.

వాస్తవం: బస్సుకు డబ్బు కట్టింది మీరే, కానీ డ్రైవర్ పనిగంటలు నిర్ణయించేది యూరోపియన్ యూనియన్ చట్టం. 2006 నాటి 561వ నంబర్ రెగ్యులేషన్ అది. రోజుకు 9 గంటల డ్రైవింగ్, వారంలో రెండు రోజులు 10 గంటల దాకా. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాల బ్రేక్. ఇంతవరకు చాలామంది లెక్చరర్లకు తెలుసు. సిటీ టూర్‌లో నడిపేదే తక్కువ కాబట్టి దీనితో పేచీ రాదు. పేచీ అంతా రాత్రి విశ్రాంతితోనే. మామూలుగా డ్యూటీ మొదలైన దగ్గర్నుంచి 24 గంటల్లోపు డ్రైవర్ 11 గంటలు విశ్రాంతి తీసుకుని తీరాలి. అంటే అతని రోజు 13 గంటలే. వారానికోసారి తీసుకునే పెద్ద విశ్రాంతులు రెండింటి మధ్య మూడుసార్లు మాత్రం ఆ 11ని 9కి తగ్గించుకోవచ్చు. అప్పుడు రోజు 15 గంటలు అవుతుంది.

"మేం లూవ్ర్ మ్యూజియం చూసినంతసేపు ఆయన సీట్లో పడుకునే ఉన్నాడుగా" అంటారు. అది లెక్కలోకి రాదు. పగలు కనీసం 3 గంటలు డ్రైవర్‌ను ఏకధాటిగా వదిలేస్తే రాత్రి 9 గంటలతో సరిపెట్టే వెసులుబాటు ఒకటుంది. కానీ ఆ 3 గంటల మధ్యలో "డోర్ తీయండి, పవర్ బ్యాంక్ మర్చిపోయాను" అని పిలిచి పని చెప్పారంటే ఆ వెసులుబాటు పోయినట్టే.

ఇప్పుడు మన ప్రోగ్రాం చూడండి. హోటల్ దగ్గర ఉదయం 8కి బస్సు కావాలంటారు. డ్రైవర్ డిపోలో 7కే బండి తీస్తాడు, లెక్క అక్కడే మొదలవుతుంది. 13 గంటలైతే రాత్రి 8కి, 15 అయితే 10కి అతను మళ్లీ డిపోలో ఉండాలి. మనల్ని ఊరి బయట హోటల్లో దించి వెళ్లాలి కాబట్టి ఇంకో గంట తీసేయండి. మే నెలాఖరులో పారిస్‌లో సూర్యాస్తమయమే రాత్రి తొమ్మిదిన్నర తర్వాత! పిల్లలు కలలు కనే ఈఫిల్ టవర్ మిలమిలలు చీకటి పడ్డాకే, గంటకోసారి, ఐదు నిమిషాలు. ఉదయం 8కి ఎక్కిన బస్సులో ఆ మెరుపులు చూసి తిరిగి రావడం జరగని పని.

ఒకసారి సెన్ నదిలో బోటు దిగాక అలాగే మొండికేశారు. డ్రైవర్ వాచ్ చూపిస్తున్నాడు, పిల్లలు కీచైన్లు బేరమాడుతున్నారు. ఒక సార్ నన్ను పక్కకు తీసుకెళ్లి, "ఓ యాభై యూరోలు చేతిలో పెడదాం, రాత్రిపూట ఎవరు చూస్తారు?" అన్నారు. చూసేది టాకోగ్రాఫ్, అంటే డ్రైవర్ పని, విశ్రాంతి టైమ్‌లు నమోదు చేసే బస్సులోని పరికరం. ప్రతి నిమిషం డ్రైవర్ కార్డులో ఎక్కుతుంది. రోడ్డు మీద ఆపితే ఆ రోజుదే కాదు, అంతకుముందు 56 రోజుల రికార్డు కూడా చూపించాలి. ఆ యాభై యూరోలకు అతను ఉద్యోగం పణంగా పెడతాడా? చివరికి కంపెనీ రెండో డ్రైవర్‌ను టాక్సీలో పంపింది, బిల్లు కాలేజీకి వచ్చింది. మా డ్రైవర్ విశ్రాంతి ఆలస్యంగా మొదలైంది కాబట్టి మర్నాడు ఉదయం పదిన్నర దాకా బండి కదల్లేదు. పిల్లలు 8 నుంచే తయారై లాబీలో కూర్చున్నారు. ఒక అబ్బాయి అద్దంలోంచి చూస్తూ, "అన్నా, బస్సు అక్కడే ఉంది కదా, ఎందుకు ఎక్కకూడదు?" అన్నాడు. ఆ రోజు చూడాల్సింది పారిస్ దగ్గర్లోని వెర్సాయ్ ప్యాలెస్, దాని టికెట్ మీద ప్రవేశం టైమ్ ఉంటుంది. అది దాటిపోయింది. వాళ్లలో ఎంతమంది మళ్లీ అక్కడికి వెళ్లగలరు?

మన హైవేల మీద తెల్లవారుజామున డ్రైవర్ కునుకు తీసి బస్సు బోల్తా పడిందన్న వార్త చదివితే మన గుండె ఆగినంత పనవుతుంది. పిల్లల్ని పంపిన తల్లిదండ్రులారా, ఈ రూల్ ఉన్నది మీ పిల్లల కోసమే. దాన్ని దాటించమని మీరే ఫోన్ చేసి అడగకండి.

దారి ఉంది. ఈఫిల్ రోజున ఉదయం మెట్రోలో లూవ్ర్‌కు వెళ్లండి, ఒకటో నంబర్ లైన్ అక్కడికే పోతుంది. బస్సును మధ్యాహ్నం ఒంటిగంటకు పిలవండి. లేదా సాయంత్రం బస్సు వదిలేసి రాత్రి మెట్రోలో రండి. అదీ వద్దంటే రెండో డ్రైవర్ ఖర్చు కొటేషన్‌లోనే అడగండి. అయితే రాత్రి ఆలస్యమైతే మర్నాటి ప్రోగ్రాం కూడా ఆలస్యంగానే పెట్టుకోవాలి.

మిగతావి క్లుప్తంగా. లూవ్ర్ మంగళవారం సెలవు, వెర్సాయ్ ప్యాలెస్ సోమవారం సెలవు. "స్టూడెంట్ గ్రూప్ అంటే తెరుస్తారు" అనేది వట్టి మాట. పాస్‌పోర్టులన్నీ ఒకే బ్యాగులో సార్ దగ్గర ఉంటే భద్రం అనుకోవడం ఇంకా ప్రమాదం. ఆ బ్యాగు మెట్రోలో పోతే గ్రూపంతా ఆగిపోతుంది. పోలీస్ రిపోర్టు రాయించాలి, ఎంబసీకి పరుగెత్తాలి. అక్కడ ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇండియాకు తిరిగి రావడానికే, దాంతో తర్వాతి దేశం చూడలేరు. అందుకే ఎవరిది వాళ్ల దగ్గరే, చొక్కా లోపల పౌచ్‌లో ఉండాలి.

ఇక, "ఒకరి వీసా రిజెక్ట్ అయితే గ్రూపంతా రిజెక్ట్" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్. దాన్ని చూసి నిద్రపోని అమ్మలు ఫోన్ చేస్తుంటారు, వాళ్ల టెన్షన్ నాకు తెలుసు. అది నిజం కాదమ్మా. యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాలో ప్రతి దరఖాస్తునూ విడిగా చూసే నిర్ణయిస్తారు. మీ అబ్బాయి కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి చాలు.