తరంగంబాడి వెళ్తున్నారా? ముందు ఈ అపోహలు తీర్చుకోండి

తమిళనాడు మైలాడుదురై జిల్లాలో, కారైకాల్‌కు కొంచెం ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉంది తరంగంబాడి. 1620 నుంచి 1845 దాకా డెన్మార్క్ వాళ్ల రేవుపట్నం. వాళ్ల నోట అది ట్రాంక్‌బార్ అయింది. తిరునళ్లారు శనీశ్వరుడి గుడికీ, వేళాంకణ్ణికీ వెళ్లే తెలుగువాళ్ల కార్లు ఎన్నో ఈ ఊరి పక్కనుంచే పోతాయి. ఆగేవాళ్లు తక్కువ. ఆగినా కోట ముందు ఫొటో తీసుకుని బయల్దేరతారు.

అపోహ: రెండు గంటలు చాలు.

దూరం లెక్కన నిజమే అనిపిస్తుంది. ఊరి ద్వారం దగ్గర మొదలుపెట్టి కింగ్ స్ట్రీట్ వెంట నడిస్తే పావుగంటలోపే సముద్రం కనిపిస్తుంది. అయితే ఆ రెండు గంటలు ఏ పూట పడతాయన్నదే అసలు సంగతి. పొద్దున గుళ్లు చూసుకుని వచ్చేవాళ్లు పదకొండు, రెండు మధ్య ఇక్కడ దిగుతారు. అప్పటికి ఇక్కడి గుడి మూసేస్తారు, చర్చి తలుపులు వేసి ఉండే అవకాశమూ ఎక్కువే. ఎండ నడినెత్తిన ఉంటుంది, వీధిలో నీడ దొరకదు.

ఒక రాత్రి ఉండేలా వెళ్లండి. మధ్యాహ్నం మూడింటికల్లా గదిలో సామాను పెట్టేసి, మూడున్నరకు డాన్స్‌బోర్గ్ కోటలోకి వెళ్లండి. ఆరు కాకముందే మూసేస్తారు, గంటన్నర చేతిలో ఉండాలి. కింది అంతస్తులో గిడ్డంగులు, ఖైదు గదులు ఉంటాయి. పైన గవర్నరు, పెద్ద వర్తకులు, పాదిరీ ఉండేవారు. కోటలో ఉన్న చిన్న మ్యూజియాన్ని చివరికి వదిలేయకుండా మొదటే చూస్తే, ఏ గది దేనికో తర్వాత తేలిగ్గా తెలుస్తుంది. కోట నుంచి బయటికొచ్చాక ఊరి ద్వారం వైపు నడవండి. 1792లో తిరిగి కట్టిన ఆ ద్వారం బయటి ముఖం పడమరకు ఉంటుంది కాబట్టి సాయంకాలపు వెలుగు దానిమీద నేరుగా పడుతుంది.

మర్నాడు ఆరు కాకముందే ఒడ్డుకు చేరితే సూర్యోదయం సముద్రంలోంచే. ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా వీధుల్లో తిరగండి. 1701 నాటి జియాన్ చర్చి, దానికి దగ్గర్లోనే 1718 నాటి న్యూ జెరూసలెం చర్చి, గోల్డ్‌స్మిత్ స్ట్రీట్‌లో బాగుచేసిన పాత ఇళ్లు అప్పుడు చూడాలి. పది దాటాక గదికి వచ్చేయండి.

అపోహ: వారాంతం కదా, శుక్రవారం సెలవు పెట్టి వెళ్తే సరి.

కోట రాష్ట్ర పురావస్తు శాఖ చేతిలో ఉంది, దానికి శుక్రవారమే సెలవు. శుక్రవారం ఒక్కరోజుకు వచ్చినవాళ్లకు తాళం వేసిన గేటే మిగులుతుంది. శనివారం మధ్యాహ్నం చేరి ఆదివారం బయల్దేరేలా చూసుకోండి. ఆదివారం పొద్దున చర్చిలో ఆరాధన ఉంటుంది. ఆ వేళ కెమెరాలతో లోపలికి వెళ్లకండి, ముగిశాక అడిగి చూడండి.

అపోహ: దసరా నాటికి వానలు అయిపోతాయి, అప్పుడు వెళ్లొచ్చు.

తెలంగాణలో అయిపోతాయి. ఈ తీరానికి అసలు వానలు తెచ్చేది ఈశాన్య రుతుపవనం, అది అక్టోబర్‌లోనే మొదలై డిసెంబర్ దాకా ఉంటుంది. తుఫానుల కాలమూ అదే. జనవరి నుంచి మార్చి మొదటి వారాల దాకా హాయిగా తిరగొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే పగలు గది దాటి రాలేరు.

అపోహ: ఇదీ చిన్న పుదుచ్చేరే.

పుదుచ్చేరి వైట్ టౌన్‌ను మనసులో పెట్టుకుని వస్తే నిరాశ తప్పదు. వరసగా కేఫ్‌లు, అద్దె స్కూటర్లు, రాత్రి సందడి ఇక్కడ ఉండవు. బస చేసే చోట్లే కొద్ది. గది ఖాయం చేసుకోకుండా రాకండి, రాత్రి భోజనం ఉంటుందో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి. టిఫిన్‌కు, మందులకు, డబ్బు తీసుకోవడానికి పక్కనే ఉన్న పొరయారు దిక్కు. పెద్ద పెద్ద పాత భవనాల్లో కొన్ని ఇప్పటికీ బడులు, కొన్నింట్లో కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. గేటు తీసి ఉంది కదా అని లోపలికి నడవకూడదు.

రైలు ఊళ్లోకే వస్తుందన్నదీ పాత మాటే. మైలాడుదురై నుంచి వచ్చే మీటర్ గేజ్ లైను 1986లో ఆగిపోయింది. మైలాడుదురైలో దిగి సుమారు 30 కిలోమీటర్లు బస్సులోనో, టాక్సీలోనో రావాలి. చెన్నై నుంచి తీరం రోడ్డున అద్దె కారులో వచ్చేవాళ్లు తమిళనాడు పర్మిట్‌తో పాటు పుదుచ్చేరి పర్మిట్ సంగతీ డ్రైవరుతో ముందే తేల్చుకోండి. దారిలో పుదుచ్చేరి తగులుతుంది, దక్షిణానికి సాగితే కారైకాల్ కూడా ఆ ప్రాంతమే.

అపోహ: ఇక్కడి గాలిలో ఓజోన్ ఎక్కువ, ఆరోగ్యానికి మంచిది.

పర్యాటక ప్రచారంలో ఈ మాట బాగా పాతుకుపోయింది. భూమికి ఎంతో ఎత్తున ఉన్న ఓజోన్ మనల్ని కాపాడుతుంది. మనం పీల్చే గాలిలో ఉంటే అదే ఓజోన్ ఊపిరితిత్తులను మండిస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్లకు మరీ చేటు. ఒడ్డున తగిలే ఆ వాసన ఎక్కువగా సముద్రంలోని సూక్ష్మజీవుల వల్ల పుట్టే డైమిథైల్ సల్ఫైడ్‌ది. గాలి కోసం రండి, మందు అనుకుని రాకండి. రాళ్లు పోసిన చోట నీళ్లలోకి దిగకండి, అల వెనక్కి లాగితే కాలు నిలవదు.

అపోహ: పెచ్చులూడిన గోడలకు సిమెంటు పూస్తే సరిపోయేది, పట్టించుకోవడం లేదు.

ఇది చాలా ముఖ్యమైన విషయం. ఈ గోడలు ఇటుక, సున్నంతో కట్టినవి. ఉప్పుగాలికీ, నేల చెమ్మకూ గోడ తడుస్తుంది, ఆరుతుంది. సున్నపు పూతలోంచి ఆ తడి బయటికి పోగలదు. సిమెంటు దాన్ని లోపలే ఆపేస్తుంది. అప్పుడు ఉప్పు పూత వెనకాలే గడ్డకట్టి పొంగి, ఇటుకను పిండి చేస్తుంది. కొన్నేళ్లకు సిమెంటు పలక ఊడిపడేటప్పుడు ఇటుక ముఖాన్నీ వెంట తీసుకుపోతుంది. అందుకే బాగుచేసేటప్పుడు మళ్లీ సున్నమే వాడతారు, అది పొరపొరగా ఆరాలి, నెలలు పడుతుంది. మీరు చేయగలిగిందీ ఉంది: ఉబ్బిన పూత మీద చెయ్యి వేయకండి, ఫొటో కోసం ఆనుకోకండి, పేర్లు చెక్కే పిల్లల్ని ఆపండి.

అపోహ: ఊరంతా డెన్మార్క్ వాళ్లదే, తెలుగువాళ్లకు ఇక్కడ ఏముంది?

ఒడ్డునున్న మాసిలామణినాథర్ గుడి 1306 నాటిది. డేన్లు రావడానికి మూడువందల ఏళ్ల ముందు, పాండ్యుల కాలంలో కట్టారు. చాలా భాగాన్ని సముద్రం తినేసింది. ఊరి పేరును 'పాడే అలలు' అని చెప్పడం అందంగా ఉంటుంది గానీ, తమిళంలో 'పాడి' అంటే ఊరు, మన ఊళ్ల పేర్ల చివర వచ్చే 'పాడు'కు చుట్టం. ఇక 1620లో ఇక్కడ కోట కట్టుకోనిచ్చింది ఎవరు? తంజావూరు రఘునాథ నాయకుడు. తెలుగులో కావ్యాలు రాసిన రాజు, చేమకూర వేంకటకవిని ఆస్థానంలో ఉంచుకున్నవాడు. డెన్మార్క్ రాజుకు ఆయన బంగారు రేకు మీద పంపిన లేఖ కోపెన్‌హాగన్‌లో భద్రంగా ఉంది.

ఇంకొకటి. 1719లో ఈ రేవులో దిగిన జర్మన్ పాదిరీ బెంజమిన్ షుల్జ్ తర్వాత మద్రాసు చేరి తెలుగు నేర్చుకున్నాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు ఆయనవే, 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలెలో వెలువడ్డాయి. న్యూ జెరూసలెం చర్చిలో ఆయనకంటే ముందు వచ్చిన మరో జర్మన్ పాదిరీ సీగెన్‌బాల్గ్ సమాధి ఉంది, అక్కడ కాసేపు నిలబడండి.