ఫిఫ్త్ వీల్‌కి ట్రక్కు కొంటున్నారా? ముందు డోరు తీసి పసుపు స్టిక్కరు చదవండి

"అన్నా, ట్రక్కు టో రేటింగ్ 15,000 పౌండ్ల పైనే ఉంది. ట్రైలర్ నిండా సర్దినా 14,000 దాటదు. హిచ్ ఎప్పుడు బిగిస్తావ్?"

డాలస్ దగ్గర హిచ్‌లు (ట్రక్కుకి ట్రైలర్ తగిలించే సరంజామా), బ్రేక్ కంట్రోలర్లు బిగించే షాపులో పని చేస్తాను. ఈ మధ్య మనవాళ్ల ఫోన్లు బాగా పెరిగాయి. పూర్తిగా వర్క్ ఫ్రమ్ హోమ్ దొరికినవాళ్లు కొందరు. పిల్లలు కాలేజీలకి వెళ్లిపోయాక, ఇల్లు అమ్మేసి అమెరికా అంతా తిరుగుదామనుకునేవాళ్లు కొందరు. ఎవరు చేసినా వరస ఒకటే: పికప్ ట్రక్కు కొనేశారు, ఫిఫ్త్ వీల్‌కి, అంటే ట్రక్కుకి తగిలించి లోపల కాపురం ఉండే పెద్ద ట్రైలర్‌కి, అడ్వాన్స్ కట్టేశారు, అన్నీ అయ్యాక నాకు ఫోన్ చేస్తారు. "డ్రైవర్ డోరు తీసి, పిల్లర్ మీద పసుపు పట్టీ ఉన్న స్టిక్కరు ఫోటో పంపండి" అంటాను. అలాంటిదొకటి అక్కడ ఉంటుందనే చాలామందికి తెలీదు. ఇంటి డౌన్ పేమెంట్ అంత డబ్బు పోసి బండి కొన్నారు కదా సామీ, ఒక్కసారి డోరు దగ్గర వంగి చూడొద్దూ!

అపోహ: ట్రైలర్ బరువు కంటే టో రేటింగ్ ఎక్కువుంటే చాలు

అందరి కొంప ముంచేది ఇదే, అందుకే దీని గురించే ఎక్కువ చెబుతాను.

టో రేటింగ్ అంటే వెనక ఎంత బరువు లాగగలదో చెప్పే నంబరు. ఫిఫ్త్ వీల్ ఉత్తినే వెనకాల వేలాడదు. దాని ముక్కు తీసుకొచ్చి మీ ట్రక్కు బెడ్‌లో (వెనక సామాను తొట్టిలో), సరిగ్గా వెనక యాక్సిల్ మీద కూర్చోబెడతాం. బంపర్ వెనక తగిలించే మామూలు బంపర్ పుల్ ట్రైలర్‌ అయితే మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ బంతి మీద పడుతుంది. ఫిఫ్త్ వీల్‌లో 20 శాతం, ఒక్కోసారి 25 దాకా, దాని ముక్కుకుండే పిన్ మీద పడుతుంది. అంటే 14,000 పౌండ్ల ట్రైలర్‌ తగిలిస్తే 2,800 నుంచి 3,500 పౌండ్లు మీ ట్రక్కు నెత్తిన ఉన్నట్టే. దాన్ని లాగడం లేదు, మోస్తోంది. మోసే లెక్క పేరు పేలోడ్, ఆ పసుపు స్టిక్కరు మీద ఉండేది అదే. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు ఎప్పుడూ దాటకూడదని ఇంగ్లీషులో స్పష్టంగా రాసి ఉంటుంది.

ఆ అంకె మీ ట్రక్కుకి మాత్రమే చెందింది. బ్రోషర్‌లో "గరిష్ఠ పేలోడ్" అని వేసేది ఆ మోడల్‌లో అన్నిటికంటే బోసి బండిది. సన్‌రూఫ్, ఫోర్ వీల్ డ్రైవ్, డీజిల్ ఇంజన్, లెదర్ సీట్లు, ఒక్కొక్కటీ చేరేకొద్దీ ట్రక్కు సొంత బరువు పెరుగుతుంది, పేలోడ్ తరుగుతుంది. ఒకే లాట్‌లో పక్కపక్కన నిలబెట్టిన రెండు ట్రక్కుల స్టిక్కర్ల మధ్య వెయ్యి పౌండ్ల తేడా చూశాను. కొనే ముందు చూడాల్సింది ఆ స్టిక్కరు. సేల్స్‌మన్ నోటి మాట దానికి బదులు కాదు.

ఇంకో సంగతి. కంపెనీలు టో రేటింగ్ లెక్కగట్టే ఎస్‌ఏఈ జే2807 పద్ధతిలో ట్రక్కులో డ్రైవరు, పక్కన ఒకరు, మనిషికి 150 పౌండ్లు అనుకుంటారు. మన ఇళ్లలో అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలుంటారు, ఇద్దరు పిల్లలు. ఆరు సీట్లుంటే ఆరూ నిండుతాయి. సోనా మసూరి బస్తా 20 పౌండ్లు, కుక్కర్లు, ఇడ్లీ పాత్ర, ఆవకాయ జాడీ. తెల్లవాళ్ల ఫ్యామిలీ కోసం వేసిన లెక్క మనకి అతకదు.

పోయిన వేసవిలో ఒక అంకుల్, ఆంటీ వచ్చారు. రిటైరయ్యారు. త్రీ-క్వార్టర్ టన్ (250, 2500 తరగతి) డీజిల్ ట్రక్కు కొన్నారు, కొత్తది, ముట్టుకుంటే మాసిపోయేలా ఉంది. హిచ్ అంతకుముందే ఇంకెక్కడో బిగించారు. కొండ మీద స్టీరింగ్ తేలిపోతున్నట్టుందని, ఎదురొచ్చేవాళ్లు లైట్లు కొడుతున్నారని నా దగ్గరికొచ్చారు. పగలే కదా, ఎందుకు కొడుతున్నారని ఆయనకి అనుమానం. వెనక కుంగి ముక్కు పైకి లేచింది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి కొడుతున్నాయి. డోరు తీసి స్టిక్కరు చూశాను: 2,150 పౌండ్లు.

"అంకుల్, మాటలెందుకు, తూకం వేయిద్దాం రండి" అని దగ్గర్లోని ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ మీదికి తీసుకెళ్లాను. లారీల కోసం పెట్టిన కాటా అది. మూడు ప్లేట్లుంటాయి. ముందు చక్రాలు ఒకదాని మీద, వెనక చక్రాలు రెండోదాని మీద, ట్రైలర్ చక్రాలు మూడోదాని మీద ఉండేలా ఆపి బటన్ నొక్కాలి. ఇరవై డాలర్లు కూడా అవ్వదు. ముందు ట్రైలర్‌తో, తర్వాత ట్రైలర్ విప్పి ట్రక్కు ఒక్కటే, రెండు సార్లు వేయించాం.

ట్రక్కు ఒక్కటే, ఇద్దరు మనుషులు, హిచ్, టూల్ బాక్స్‌తో 8,460. ట్రైలర్ తగిలించాక ట్రక్కు చక్రాల మీద ముందు 4,820, వెనక 6,360, కలిపి 11,180. ట్రైలర్ యాక్సిళ్ల మీద 10,180. రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి తీసేస్తే పిన్ బరువు 2,720 తేలింది. ట్రక్కు జీవీడబ్ల్యూఆర్, అంటే మనుషులు, సామాను అన్నీ కలిపి బండి దాటకూడని బరువు, 10,000. అంటే 1,180 పౌండ్లు ఎక్కువ. ట్రైలర్ మొత్తం బరువు 12,900, టో రేటింగ్‌కి చాలా కింద! లాగడానికి ఇంజన్‌కి ఏ కష్టమూ లేదు, అందుకే ఆయనకి అనుమానం రాలేదు.

ఆంటీ ఆ చీటీ తీసుకుని చాలాసేపు చూశారు. "బాబూ, గ్రైండరు దించేస్తే సరిపోతుందా?" అన్నారు. గ్రైండరు 30 పౌండ్లు. "ఉంచుకోండి ఆంటీ, దాంతో తేలే లెక్క కాదిది" అన్నాను. ఆ మాటకి ఆవిడ ముఖంలో కాస్త నవ్వొచ్చింది గానీ, అంకుల్ మాత్రం ట్రక్కు చుట్టూ తిరుగుతూ ఉండిపోయారు.

ఆయనకి ట్రైలర్ బ్రోషర్‌లో చూపించిన పిన్ బరువు 2,100. అబద్ధం కాదు. అది డ్రై వెయిట్, ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు లెక్క. బ్యాటరీలు లేవు, నీళ్లు లేవు, బట్టలు లేవు. ఫిఫ్త్ వీల్‌లో చాలా మోడళ్లకి బెడ్‌రూమ్, బట్టల అలమర, బ్యాటరీలు, ముందు స్టోరేజీ అన్నీ పిన్ పక్కనే ఉంటాయి. మీరు సర్దే సామానులో పెద్ద వాటా నేరుగా ట్రక్కు మీదికే వస్తుంది. అందుకే డ్రై నంబర్లు పక్కన పడేసి ట్రైలర్ జీవీడబ్ల్యూఆర్ తీసుకోండి, అందులో 22 శాతం వేయండి. దానికి హిచ్ 200, మనుషుల బరువు, బెడ్‌లో పెట్టే సామాను కలపండి. ఆ మొత్తం పసుపు స్టిక్కరు కంటే తక్కువుంటే ట్రక్కు సరిపోతుంది.

ఈ లెక్కలో 16,000 పౌండ్ల ట్రైలర్ వేసి చూడండి. పిన్ ఒక్కటే 3,520. మనుషులు, హిచ్ కలిస్తే 4,200 దాటుతుంది. 250, 2500 తరగతి డీజిల్ ట్రక్కులు మామూలుగా 2,000-2,500 దగ్గర ఆగిపోతాయి. వన్ టన్ను (350, 3500 తరగతి) సింగిల్ రియర్ వీల్, అంటే వెనక రెండే చక్రాలది అయితే 3,500-4,000 చుట్టూ. కాబట్టి నిజంగా పెద్ద ఫిఫ్త్ వీల్ అంటే వెనక నాలుగు చక్రాల డ్యూయలీయే. పార్కింగ్‌లో ఇబ్బంది, డ్రైవ్ త్రూలో ఇబ్బంది, ఇంటి ముందు పెడితే హెచ్‌ఓఏ (కాలనీ సంఘం) ఉత్తరం. అయినా అదే కావాలి.

అంకుల్ వాళ్లకి డ్యూయలీ అక్కర్లేదు. 3,900 స్టిక్కరున్న వన్ టన్నుకి మారారు. ఎంత నష్టపోయారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇప్పటికే కొనేసి ఇది చదివి టెన్షన్ పడుతున్నవాళ్లు నిద్ర మానుకోకండి. ముందు కాటా మీదికి వెళ్లండి. కొందరికి రెండు, మూడు వందల పౌండ్లే ఎక్కువొస్తుంది. అది సామాను సర్దుబాటుతో తీరిపోతుంది. నీళ్ల ట్యాంకు కూడా చూసుకోండి. గాలన్ నీళ్లు 8.34 పౌండ్లు, 75 గాలన్లంటే 600 పైమాటే. ట్యాంకు ట్రైలర్ యాక్సిళ్లకి ముందుంటే నీళ్లు ఖాళీ చేస్తే పిన్ తగ్గుతుంది. వెనకుంటే పెరుగుతుంది! ఎక్కడుందో తెలుసుకోకుండా వదిలేయకండి.

అపోహ: ఎయిర్ బ్యాగులు వేస్తే పేలోడ్ పెరుగుతుంది

పెరగదు. వెనక స్ప్రింగుల దగ్గర బిగించే ఈ గాలి సంచులు ట్రక్కు కుంగకుండా నిలబెడతాయి, హెడ్‌లైట్లు కిందికొస్తాయి, నడక బాగుంటుంది. నేనే బిగిస్తాను, డబ్బులూ తీసుకుంటాను. కానీ యాక్సిల్, టైర్లు, రిమ్ములు, బ్రేకులు పాతవే కదా. కుంగిన వీపుకి నడుం పట్టీ కట్టినంత మాత్రాన కూలీ రెండు బస్తాలు అదనంగా ఎత్తలేడు.

అపోహ: 250కీ 350కీ స్టిక్కరు తేడా తప్ప ఇంకేం లేదు

ఇందులో కొంత నిజముంది, అందుకే ఇది చావదు. కొన్ని ఏళ్ల మోడళ్లలో రెండింటికీ బ్రేకులు, ఫ్రేమ్ దాదాపు ఒకటే. జీవీడబ్ల్యూఆర్ 10,000 పౌండ్లు దాటితే ట్రక్కు క్లాస్ 3 అనే పై తరగతి కిందికి వెళ్తుంది కాబట్టి, రిజిస్ట్రేషన్ కోసం 250ని 10,000 దగ్గర ఆపిన సందర్భాలూ ఉన్నాయి. కానీ వెనక స్ప్రింగులు మారతాయి. కొన్నింట్లో సస్పెన్షనే వేరు: ర్యామ్ 2500కి వెనక కాయిల్ స్ప్రింగులు, 3500కి లీఫ్ స్ప్రింగులు. "లోపల అంతా ఒకటే బాస్" అని వాట్సాప్‌లో రాసేవాడు మీ ట్రక్కు కింద పడుకుని చూసినవాడు కాదు. కొనేటప్పుడు రెండింటి మధ్య ధర తేడా కూడా పెద్దగా ఉండదు, ఆ కాస్త పెట్టి 350 తీసుకోండి.

అపోహ: డీజిల్ లేకపోతే కదలదు

12,000 లోపు ట్రైలర్, ఎక్కువగా టెక్సస్, ఓక్లహోమా మైదానాల్లో తిరుగుడు అయితే ఫోర్డ్ 7.3 లీటర్ల లాంటి పెద్ద పెట్రోల్ ఇంజన్ హాయిగా లాగుతుంది. డీజిల్ ఇంజన్ బరువు వందల పౌండ్లు ఎక్కువ కాబట్టి పెట్రోల్ ట్రక్కుకి పేలోడ్ కూడా ఎక్కువే మిగులుతుంది. కొలరాడో వైపు వెళ్తే కథ వేరు. ఆ 7.3 లాంటి టర్బో లేని ఇంజన్ ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ దాదాపు 3 శాతం శక్తి పోగొట్టుకుంటుంది. ఐ-70 మీద ఐజెన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంది, అక్కడికి చేరేసరికి మూడో వంతు ఊడిపోతుంది. ఎక్కేటప్పుడు మెల్లగా పోతే పోయేదేం లేదు. నా దృష్టిలో డీజిల్‌కి డబ్బు పెట్టేది దిగడానికి. ఇంజన్‌తోనే వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేక్ ఆన్ చేస్తే 7 శాతం వాలులో కూడా కాలు బ్రేక్ మీద పెట్టే పని తగ్గుతుంది, బ్రేకులు కాలిన వాసన రాదు.

అపోహ: షార్ట్ బెడ్‌కి ఫిఫ్త్ వీల్ పనికిరాదు

ఆరున్నర అడుగుల బెడ్‌కి స్లైడింగ్ హిచ్ వేస్తే పని జరుగుతుంది. రివర్స్‌లో బాగా మడతేసి తిప్పేటప్పుడు హిచ్ వెనక్కి జరపడం మర్చిపోతే ట్రైలర్ మూల వచ్చి క్యాబ్ వెనక అద్దానికి తగులుతుంది. అద్దం పోయాక వచ్చినవాళ్లని చూశాను. ఎనిమిదడుగుల బెడ్ తీసుకుంటే ఈ గొడవ లేదు, కాస్ట్‌కో పార్కింగ్‌లో మాత్రం తిప్పలు.

టెస్లా సైబర్‌ట్రక్ గురించి అడిగే తమ్ముళ్లూ, దాని గరిష్ఠ టో రేటింగ్ 11,000. మనం మాట్లాడుకునే ట్రైలర్లకి కాదు, వదిలేయండి.

అపోహ: మామూలు లైసెన్సు చాలు

టెక్సస్‌లో ట్రక్కు, ట్రైలర్ జీవీడబ్ల్యూఆర్‌లు కలిపి 26,000 దాటి, ట్రైలర్ 10,000 దాటితే సొంతానికి వాడుకునే ఆర్‌వీ (ఇలాంటి ఇంటి బండి) అయినా సరే క్లాస్ ఏ లైసెన్సు కావాలి. లారీ డ్రైవర్లు తీసుకునే కమర్షియల్ లైసెన్సు (సీడీఎల్) అక్కర్లేదు. డ్యూయలీ 14,000, ట్రైలర్ 16,000 అంటే మీరు దాటేసినట్టే. కాలిఫోర్నియాలో 15,000 దాటిన ఫిఫ్త్ వీల్‌కి నాన్ కమర్షియల్ క్లాస్ ఏ అడుగుతారు. మీ రాష్ట్రంలో ఎలాగో డీఎంవీ సైటులో చూసుకోండి. రోడ్డు టెస్టుకి ఆ సైజు బండి మీరే తీసుకెళ్లాలి. అక్కడిదాకా నడపడానికి పక్కన ఆ క్లాస్ లైసెన్సున్న మనిషి ఉండాలి, కాబట్టి ట్రైలర్ డెలివరీ తేదీ ఖాయం చేసుకునే ముందే అలాంటి మనిషిని ఒకర్ని వెతికి పెట్టుకోండి.