ఇల్లు వేలంలో పోయాక మళ్లీ హోమ్ లోన్: అపోహలు - వాస్తవాలు

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల... ఎక్కడైనా ఇల్లు వేలానికి పోయిన కుటుంబం మళ్లీ లోన్‌కు వెళ్తే, ఫైలు ఎక్కువగా ఆ పాత ఖాతాలో తేలకుండా మిగిలిన లెక్క దగ్గరే ఆగుతుంది. ముందు దాన్ని తేల్చుకోవాలి.

అపోహ: ఇల్లు తీస్కపోయిన్రు, అప్పు తీరింది.

వాస్తవం: సర్ఫేసీ చట్టం (బాకీ పడ్డ వారి తనఖా ఆస్తిని బ్యాంకే అమ్ముకునే వీలిచ్చే చట్టం) కింద వేలంలో వచ్చిన సొమ్ము ముందు ఖర్చులకు, తర్వాత బాకీకి జమవుతుంది. బాకీ 24 లక్షలుండి, ఖర్చులు పోను 19 లక్షలే వస్తే, మిగతా 5 లక్షలు మీ పేరు మీదే ఉంటాయి. వాటి కోసం బ్యాంకు కోర్టుకూ పోవచ్చు. అదే 27 లక్షలు వస్తే, ఆ ఆస్తి మీద ఇంకెవరికీ హక్కు లేనప్పుడు, పైన మిగిలిన 3 లక్షలు మీకే ఇవ్వాలి. చాలామంది ఈ డబ్బు అడగనే అడగరు! లోన్ స్టేట్‌మెంట్, వేలం సొమ్ము జమైన వివరాలు కావాలని బ్రాంచిలో రాతపూర్వకంగా అడగండి. మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. బాకీని ఏఆర్‌సీ కంపెనీకి (మొండి బాకీలు కొనే సంస్థకు) అమ్మేసి ఉంటే నో డ్యూస్, అంటే బాకీ లేదనే పత్రం, ఇవ్వాల్సింది ఆ కంపెనీయే.

అపోహ: రైట్-ఆఫ్ చేసిన్రంటే మాఫీ అయినట్టే.

వాస్తవం: 2024లో తెలంగాణ ప్రభుత్వం 2 లక్షల దాకా మాఫీ చేసింది పంట రుణాలను. ఇంటి లోన్‌కు దాంతో సంబంధం లేదు. రైట్-ఆఫ్ అనేది బ్యాంకు పద్దుల్లో సర్దుబాటు మాత్రమే, వసూలు ఆగదు.

అపోహ: సెటిల్‌మెంట్ చేసుకుంటే రికార్డు సాఫు.

వాస్తవం: తగ్గించిన మొత్తం కడితే క్రెడిట్ రిపోర్టులో (మీ అప్పుల చరిత్ర చూపే పత్రంలో) 'సెటిల్డ్' అని పడుతుంది. అంటే బ్యాంకు కొంత వదులుకుందని అర్థం, కొత్త బ్యాంకు దీన్ని మంచిగా చూడదు. వెసులుబాటు ఉంటే వదిలేసిన మొత్తం కూడా కట్టి, 'క్లోజ్డ్'గా మార్పించుకోండి. 2023 నాటి ఆర్బీఐ నిబంధనల ప్రకారం, వ్యవసాయేతర అప్పును సెటిల్ చేసిన బ్యాంకు కనీసం 12 నెలలు ఆగాకే మీకు కొత్త లోన్ ఇవ్వాలి.

అపోహ: పైసలిస్తే ఏజెంటు సిబిల్ క్లీన్ చేస్తడు.

వాస్తవం: నిజమైన ఎంట్రీని ఎవరూ చెరపలేరు. దయచేసి డబ్బు పోగొట్టుకోకండి. తప్పు ఎంట్రీ సరిచేయించడానికి ఫీజే లేదు. ఈ రిపోర్టులు తయారుచేసే సంస్థలు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తాయి. నాలుగూ తీసి చూడండి, వేలం సొమ్ము జమైనా పాత బాకీయే కనిపిస్తుండవచ్చు. ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల పరిహారం వస్తుంది.

అపోహ: భార్య పేరు మీద తీస్కుంటే అయిపాయె.

వాస్తవం: పాత లోన్‌లో ఆమె కో-అప్లికెంట్ అయినా, జామీను ఉన్నా అదే మచ్చ ఆమె రిపోర్టులోనూ ఉంటుంది.

అపోహ: ఏడేళ్లు ఊకుంటే అంతా పోతది.

వాస్తవం: ఏడేళ్లు అనేది రికార్డు ఉంచాల్సిన కనీస గడువు. అన్నేళ్లూ ఏ లోనూ లేకపోతే కొత్తగా చూపించే మంచి చరిత్ర కూడా ఉండదు. ఊళ్లో చేతి అప్పులు ఎంత బాగా కట్టినా సిబిల్‌కు చేరవు. చిన్న ఎఫ్‌డీ మీద క్రెడిట్ కార్డు తీసుకుని, లిమిట్‌లో మూడో వంతుకు మించి వాడకుండా, గడువుకు ముందే మొత్తం బిల్లు కట్టండి.

తర్వాత ఒక్క బ్యాంకులోనే దరఖాస్తు వేయండి, ఎందుకంటే ప్రతి దరఖాస్తూ రిపోర్టులో నమోదవుతుంది. అంతకంటే ముందు కొనబోయే ప్లాటుకు ఈసీ (ఆస్తి మీద పాత లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), లేఅవుట్ అనుమతి చూడండి. ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ ప్లాట్ల క్రమబద్ధీకరణ) కాని పంచాయతీ ప్లాటైతే స్కోరు బాగున్నా లీగల్ పరిశీలనలోనే ఫైలు వెనక్కి రావచ్చు. హోమ్ లోన్ 30 లక్షల లోపైతే ఇంటి విలువలో గరిష్ఠంగా 90 శాతమే ఇస్తారు. మిగతా 10 శాతం, రిజిస్ట్రేషన్ ఖర్చు చేతిలో ఉండాలి.