ఒంగోలు ఆవుకు వంశపత్రం: ఇక్కడ రాయలేదు, బ్రెజిల్‌లో రాశారు

చెవికి 12 అంకెల పసుపు ట్యాగు పడితే ఆవు రిజిస్టర్ అయిపోయినట్టేనని చాలామంది అనుకుంటారు. ఆ నంబరు పశువును గుర్తుపట్టడానికి మాత్రమే. తల్లిదండ్రుల వివరాలు ఎవరైనా ఎక్కిస్తే తప్ప దాని పుట్టుక గురించి ఏమీ చెప్పదు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ ఇచ్చే గుర్తింపు ఇంకొకటి, అది జాతి మొత్తానికి. ఒంగోలు, పుంగనూరు, పొడ తూర్పు జాతులకు ఆ గుర్తింపు ఉంది. అయినా దొడ్లో కట్టేసిన ఫలానా ఆవు ఒంగోలుదేనని అది రుజువు చేయదు. ఆ పని వంశపుస్తకానిది, అంటే ఒక్కో పశువు తల్లిదండ్రులను తరతరాలుగా రాసిపెట్టే పుస్తకానిది.

పశువుల్లో మొదటి వంశపుస్తకాన్ని 1822లో ఇంగ్లండ్‌లో జార్జ్ కోట్స్ షార్ట్‌హార్న్ జాతికి అచ్చువేశాడు. కృష్ణకూ పెన్నకూ మధ్య పల్లెల్లో అలాంటి పుస్తకం లేదు, వేరే ఏర్పాటు ఉండేది. ఊళ్లో పెద్ద ఎవరైనా పోతే ఆయన పేరున మేలైన కోడెదూడను ఎంచి, ఒంటిమీద ముద్ర కాల్చి వదిలేవారు. ఆ ఆంబోతే ఊరి ఆవులన్నిటికీ దిక్కు. ఎంపిక గట్టిగానే జరిగేది. 1858లోనే అద్దంకిలో పశుప్రదర్శన పెట్టారు. జాతిని నిలబెట్టిన ఘనత ఆ రైతులదే. లోపం ఒక్కటే: ఏ దూడ ఏ ఆంబోతుదో ఊరికి తెలుసు, కాగితానికి తెలియదు. ఆంబోతులను వదలడం తగ్గేసరికి ఆ జ్ఞాపకం కూడా పోయింది.

1941లో వ్యవసాయ పరిశోధన మండలి దేశవాళీ జాతులకు వంశపుస్తకాలు మొదలుపెట్టింది. వాటిలో ఒంగోలు ఒకటి. తర్వాత వచ్చిన కేంద్ర పశు నమోదు పథకానికి ఒంగోలులోనే ఒక యూనిట్ పెట్టారు. ఈ నమోదుకు రెండు పరీక్షలు. మొదటిది రూపం: ఒంటిమీద ఎర్ర మచ్చలు, తెల్ల కనురెప్ప వెంట్రుకలు, తెల్ల తోక కుచ్చు, లేతరంగు ముట్టె, లేతరంగు గిట్టలు, వెనక భాగంలో బూడిద మచ్చలు తప్పుగా లెక్క. రెండోది పాలు: నిర్ణీత దిగుబడి దాటాలి. నెలకోసారి రెండు పూటలా కొలిచి, 305 రోజుల పాడికి లెక్కకడతారు. ఇక్కడే చిక్కు. దూడ కుడిస్తేగాని ఒంగోలు ఆవు పాలు చేపదు. దూడ తాగిన వాటా కొలతలోకి రాదు. పైగా ఈ జాతిని తరతరాలుగా ఎంచింది బరువు లాగడానికి. పాల గీటు పెట్టి చూస్తే మేలైన సేద్యపు వంశాలు పుస్తకం బయటే ఉండిపోతాయి.

ఒంగోలు పశువులను తీసుకెళ్లిన బ్రెజిల్ ఇంకో దారి పట్టింది. అక్కడ ఈ జాతి పేరు నెల్లూరు మీదుగా ‘నెలోర్’ అయింది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది మరి. 1938 నుంచి ఉబెరాబాలోని పెంపకందార్ల సంఘం జెబు (మూపురం ఉన్న) జాతుల వంశనమోదు నడుపుతోంది. ఆవును ఆంబోతు దాటిన తేదీ, ఆవు ఈనిన తేదీ రైతు తెలియజేయాలి. పుట్టగానే ఒక నమోదు, ఎదిగాక నిపుణుడు వచ్చి చూశాక పక్కా నమోదు. 1960ల మొదట్లో ఒంగోలు పక్క ఊరు కరవది పేరుతో వెళ్లిన ఆంబోతు సంతానాన్ని ఈనాటికీ కాగితాల్లో వెతికి పట్టుకోవచ్చు.

అలాగని అక్కడి ‘స్వచ్ఛత’ను గుడ్డిగా నమ్మనక్కర్లేదు. అక్కడికి వెళ్లిన ఆవులు కొద్ది, ఆంబోతులే ఎక్కువ. స్థానిక ఆవులకు వాటిని దాటించి సగం, ముప్పావు, ఎనిమిదింట ఏడు వంతులు అంటూ తరం తరం పెంచుకుంటూ వచ్చారు. ఐదో తరానికి 32లో 31 వంతులు. తల్లివైపు నుంచి మాత్రమే దిగే మైటోకాండ్రియా డీఎన్ఏను పరీక్షిస్తే, నమోదైన నెలోర్ పశువుల్లో కూడా ఎక్కువగా మూపురం లేని యూరప్ పశువుల జాడ బయటపడింది. ఎన్ని తరాలు ఆంబోతును మార్చినా ఆ జాడ చెరగదు.

ఇక్కడ ఒక రైతు సొంతంగా మొదలుపెట్టాలన్నా పెద్ద ఖర్చు లేదు. ఆవుకు కృత్రిమ గర్భధారణ సూది వేయించినప్పుడు, వీర్యం నింపిన సన్న గొట్టం (స్ట్రా) మీదున్న ఆంబోతు నంబరు, తేదీ అప్పుడే రాసుకోవాలి. ఖాళీ స్ట్రా పారేశాక ఆ నంబరు దొరకదు. చూడి కాలం దాదాపు 285–290 రోజులు. ఈత రెండు మూడు వారాలు అటూఇటూ అయితే మధ్యలో ఊరి కోడె దాటిందేమో అనుమానించాలి. ఆ దూడ తండ్రి గడి ఖాళీగా వదలడమే న్యాయం. లేదంటే డీఎన్ఏ పరీక్ష చేయించాలి. ప్రతి జన్యుస్థానంలోనూ దూడకు ఒక ప్రతి తల్లి నుంచి, ఇంకొకటి తండ్రి నుంచి వస్తాయి గనుక, పొసగని తండ్రి తేలిపోతాడు. ట్యాగు ఊడితే కొత్త నంబరు పక్కనే పాత నంబరు కూడా రాయాలి. ఈ ఒక్క వరస తప్పితే ఆ ఆవు వెనకున్న తరాలన్నీ తెగిపోతాయి.