పడుగు దారానికి ఎంత బలం కావాలి?

పెగ్ లూమ్ చూడటానికి మగ్గంలా ఉండదు. ఒక చెక్క దిమ్మె, దాని పొడవునా వరసగా రంధ్రాలు, వాటిలో నిలబెట్టిన జానెడు పుల్లలు, అంతే. పేకను, అంటే అడ్డపోగును, దగ్గరికి నెట్టే అచ్చు లేదు, దాన్ని అటూ ఇటూ మోసే నాడె లేదు. ప్రతి పుల్లకూ అడుగున చిన్న బెజ్జం ఉంటుంది. పడుగు దారాన్ని, అంటే నిలువు పోగును, అందులో దూర్చి, సగానికి మడిచి, రెండు కొసలనూ కిందికి వదిలేస్తారు. ఆ తర్వాత వడకని ఉన్నినో, పాత బట్టల పేలికలనో పుల్లల మధ్య నుంచి ముందుకీ వెనక్కీ తిప్పుతూ అల్లుకుపోవడమే. పుల్లలు నిండాక ఒక్కొక్కదాన్నీ పైకి లాగితే అల్లిక కిందికి జారి పడుగు దారాల మీదికి చేరుతుంది. పుల్లను మళ్లీ దాని చోట నిలబెట్టి పని సాగిస్తారు. బ్రిటన్‌లో గొర్రెలు పెంచేవాళ్లకు, చేతిపనులంటే ఇష్టం ఉన్నవాళ్లకు ఇది బాగా తెలిసిన సాధనం. అక్కడ చాలా గొర్రెల ఉన్నికి వచ్చే ధర కత్తిరింపు కూలికి కూడా చాలదు. అలాంటి ఉన్నిని వడికే శ్రమ లేకుండా నేరుగా రగ్గుగా మార్చుకోవచ్చు.

ఇందులో పడుగుకు ఏం దారం వాడాలన్నది చాలామంది ఆఖరున ఆలోచిస్తారు. ఇంట్లో మిగిలిన అల్లిక ఉన్నో, పూలు కట్టే దారమో తీసుకుని మొదలుపెడతారు. అల్లుతున్నంతసేపూ ఇబ్బందేమీ కనిపించదు కూడా. మామూలు మగ్గం మీద పడుగు మొదటి నుంచీ బిగువుగా ఉంటుంది. పేక వేసిన ప్రతిసారీ అచ్చు దాన్ని రాసుకుంటూ వెళ్తుంది. ఆ రాపిడికి పోగు మీది నూగు లేచి, చివరికి తెగుతుంది. మన నేతగాళ్లు పడుగుకు గంజి పట్టించేది అందుకే. తెలంగాణలో గొంగడి నేసే కురుమలు ఉన్ని పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. ఆ పూత లేకపోతే చేత్తో వడికిన ఉన్ని పోగు ఆ రాపిడికి నిలవదు. పెగ్ లూమ్‌లో రాపిడీ లేదు, టెన్షనూ లేదు. అల్లేటప్పుడు నిటారుగా నిలిచి పనిచేసేవి పుల్లలు. దారం కింద ఊరికే వేలాడుతూ ఉంటుంది. అందుకే ఇక్కడ గంజి అక్కర్లేదు. కానీ బలహీనమైన దారం వేసినా ఆ సంగతి అప్పుడు బయటపడదు. అసలు పరీక్ష రగ్గు వాడకంలోకి వచ్చాక మొదలవుతుంది.

ఒక లెక్క వేద్దాం. ఎండినప్పుడు 2 కిలోలున్న ఉన్ని రగ్గు అనుకోండి. ఉతికాక అందులో ఇంకో 3 కిలోల నీళ్లు మిగిలాయనుకుంటే మొత్తం 5 కిలోలు. 30 పుల్లల మీద అల్లితే పడుగు పోగులు 60. అంచు పొడవునా సమానంగా పట్టుకుని ఎత్తితే ఒక్కో పోగు మీద 85 గ్రాముల లోపే పడుతుంది. అంత బరువు ఏ దారమైనా మోస్తుంది. కానీ తడి రగ్గును ఎవరూ అలా ఎత్తరు. రెండు మూలలు పట్టుకుని ఎత్తుతారు. అప్పుడు బరువంతా ఏ 8 పోగుల మీదో పడి, ఒక్కోదానికి 600 గ్రాములు దాటుతుంది. ఎత్తి దులిపితే ఆ కుదుపులో అది రెండు మూడింతలవుతుంది. కొసన ముడి ఉంటుంది కాబట్టి అక్కడ దారం బలం దాదాపు సగానికి పడిపోతుంది, ఎందుకంటే ముడి వంపులో బయటివైపు పీచు మీదే లాగుడంతా పడుతుంది. ఇవన్నీ కలిపి చూస్తే ఒక్కో పోగు కనీసం 3 కిలోలు తట్టుకోవాలి. 20 నంబరు ఒంటి పేట నూలు, అంటే సన్నటి దారం, సుమారు 400 గ్రాముల దగ్గరే తెగుతుంది.

మరి దారానికి బలం ఎక్కడ నుంచి వస్తుంది? పత్తి పీచు పొడవు దాదాపు 3 సెంటీమీటర్లు. కొసలు అతికించి ఉండవు, జిగురేమీ ఉండదు. అయినా కిలోమీటర్ల పొడవు దారం ఎలా నిలుస్తోంది? గెలీలియో ఈ ప్రశ్నను తాడు గురించి వేసుకున్నాడు. పురి వేయడం వల్ల పీచులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకుంటాయంటే, లాగితే అవి విడివడి జారిపోవు, తెగుతాయి అని 1638లో రాశాడు. అలా ఎందుకు జరుగుతుందో లెక్కలతో వివరించడానికి చాలా కాలం పట్టింది. 2018లో ప్యాట్రిక్ వారెన్, రాబిన్ బాల్, రేమండ్ గోల్డ్‌స్టీన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దీన్ని భౌతికశాస్త్ర సమస్యగా తీసుకుని పరిశీలించారు. పురి ఉన్న దారాన్ని లాగితే ఆ లాగుడే పీచులను లోపలికి నొక్కుతుంది. నొక్కుడు పెరిగితే రాపిడి పెరుగుతుంది, రాపిడి పెరిగితే పట్టు బిగుస్తుంది. పీచుల మధ్య రాపిడి ఒక హద్దు దాటేదాకా దారం జారుతూ విడిపోతుంది. హద్దు దాటాక మాత్రం పీచులన్నీ ఒక్కటై బరువు మోస్తాయి. ఒక పీచును ఇంకో పీచు పట్టుకోవడం తప్ప లోపల వేరే ఆధారమేదీ లేకుండా ఇంత బలం పుట్టడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

ఇది చేత్తోనే తెలుసుకోవచ్చు. దారాన్ని రెండు చేతులతో మెల్లగా లాగండి. చప్పుడు లేకుండా సాగి, కొసలు సన్నగా తోకల్లా విడిపోతే పురి చాలలేదన్నమాట. టప్పున తెగి కొసలు మొండిగా ఉంటే పీచు తన బలమంతా ఇచ్చాకే తెగింది. అలాగని పురి ఎంత ఎక్కువైతే అంత మంచిదని కాదు. మరీ ఎక్కితే పీచులు లాగే దిక్కుకు అడ్డంగా వాలి, వాటి బలం వృథా అవుతుంది, దారం మెలికలు పడుతుంది.

పురి తర్వాత చూడాల్సింది పేటలు. మాంచెస్టర్‌లోని నూలు పరిశోధన సంస్థ షర్లీ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన పియర్స్ 1926లో చూపించిన విషయం ఇక్కడ ఎంతో అవసరం: దారం బలమంటే దాని సగటు బలం కాదు, అందులో అన్నిటికంటే బలహీనమైన చోటుకున్న బలం. దారం పొడవయ్యేకొద్దీ అలాంటి చోటు తగిలే అవకాశం పెరుగుతుంది. కాబట్టి జానెడు ముక్కను లాగి చూసి మీటరున్నర పడుగును నమ్మకూడదు. నాలుగు పేటలు కలిపి పేనితే, ఒక పేటలో సన్నబడిన చోట మిగతా మూడూ ఆదుకుంటాయి. నాలుగూ ఒకే చోట బలహీనంగా ఉండటం అరుదు. పైగా పేటలను విడి పోగుల పురికి ఎదురు దిక్కులో పేనుతారు కాబట్టి దారం మెలిక తిరగకుండా నిటారుగా నిలుస్తుంది. అమెరికాలో రగ్గులు నేసేవాళ్లు ఎక్కువగా వాడేది 8 నంబరు నూలు నాలుగు పేటలు. ఒక పౌను బరువుకు 840 గజాల చిలపలు (దారపు చుట్టలు) ఎన్ని వస్తే అది నూలు నంబరు. నంబరు తగ్గితే దారం లావు. ఈ నాలుగు పేటల దారం సుమారు 4 కిలోలు మోస్తుంది. మన లెక్కకు సరిపోతుంది.

ఉన్ని రగ్గుకు ఉన్ని పడుగే వేయాలన్న కోరిక సహజం. నేను మాత్రం నూలునే ఎంచుకోమంటాను. తడిస్తే నూలు బలం పెరుగుతుంది, ఉన్ని బలం తగ్గుతుంది. పత్తి పీచులోని సెల్యులోజ్ పోగులు తడిలో కాస్త కదిలి, బరువును సమానంగా పంచుకుంటాయి. ఉన్నిలోని కెరటిన్ అనే ప్రొటీన్ గొలుసుల మధ్య పట్టులో కొంత భాగాన్ని నీళ్లు తెంపేస్తాయి. సాగుడులోనూ తేడా ఉంది. నూలు తెగేలోపు ఏడెనిమిది శాతమే సాగుతుంది, ఉన్ని ముప్పై శాతం దాకా సాగుతుంది. సాగే పడుగు మీద రగ్గు ఆకారం నిలవదు. ఉన్నిని తినే చిమ్మెట పురుగు నూలు జోలికి రాదు. ఏలూరు తివాచీల్లో పైకి కనిపించేది ఉన్ని అయినా లోపలి పడుగు నూలుదే.

అవిసె (లినెన్) దారం నూలు కంటే గట్టిది, తడిలో ఇంకా గట్టిపడుతుంది, కాకపోతే ధర ఎక్కువ. జనపనార పురికొస పొడిగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది కానీ తేమ తగిలే చోట కుళ్లుతుంది. కాలు తుడుచుకునే పట్టాకు అది వద్దు. నైలాన్ బలానికి వంక పెట్టలేం. చిక్కల్లా దాని నునుపుతోనే. ఉన్ని దాని మీద పట్టు దొరక్క జారి ఒక పక్కకు చేరిపోతుంది, ముడులు వాటంతటవే వదులవుతాయి. పడుగు మీద కొంచెం గరుకు ఉండాలి.

కొన్న దారం ఎలాంటిదో తెలియకపోతే ఇంట్లోనే తూచవచ్చు. మీటరు ముక్కను దూలానికి కట్టి, కింది కొసకు చిన్న బకెట్ వేలాడదీసి, లీటరు సీసాతో నీళ్లు కొంచెం కొంచెంగా పోయండి. లీటరు నీళ్లంటే కిలో. బకెట్ బరువు కలపడం మరిచిపోవద్దు. అయిదారు ముక్కలతో చేసి, వచ్చినవాటిలో తక్కువ అంకెనే లెక్కలోకి తీసుకోండి. తర్వాత ఒక ముక్కను తడిపి, ఇంకో ముక్కకు మధ్యలో ముడి వేసి మళ్లీ చూడండి. ముడి ఎంత బలం తినేస్తుందో కళ్ల ముందే తెలుస్తుంది.

మన దగ్గర దక్కనీ గొర్రె నల్ల ఉన్ని గరుకుగా, పొట్టిగా ఉంటుంది. గొంగళ్లకు గిరాకీ తగ్గడంతో, చాలామంది కాపరులు మాంసం కోసం నెల్లూరు జాతికి మారడంతో ఆ ఉన్ని వాడకమూ తగ్గిపోయింది. వడకకుండా అల్లే ఈ పద్ధతికి ఆ ఉన్ని సరిగ్గా సరిపోతుంది. వరంగల్ జంపఖానాలకు వాడే లావు నూలును నాలుగు పేటలుగా పేనుకుంటే పడుగూ సిద్ధం. రగ్గు పూర్తయ్యాక కొసలు జానెడు వదిలి కత్తిరించండి. పక్కపక్క పుల్లల పోగులను నాలుగేసి కలిపి ముడి వేయండి, లాగుడు వాటన్నిటి మీదా పడుతుంది.