ఎన్ని మెతుకులు పట్టి చూడాలి?

పోయిన నెల అమ్మమ్మ పాత ఫోటో ఒకటి క్లౌడ్ నుంచి దించుకుని తెరిచాను. నుదుటి బొట్టు దాకా బాగానే ఉంది. కళ్ల దగ్గర్నుంచి కిందికంతా బూడిదరంగు. ఫైలు పేరు అదే, సైజూ అంతే. ఎక్కించేటప్పుడే చెడిందో, అక్కడికి చేరాక చెడిందో తెలీదు. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్: మిగతావన్నీ సరిగ్గా ఉన్నాయా?

ఫైలు ఎక్కించేముందు దాని షా-256 హాష్ (ఫైల్లోని డేటా అంతటి నుంచీ లెక్కకట్టే, వేలిముద్ర లాంటి చిన్న సంఖ్య) రాసిపెట్టుకుంటే, తర్వాత దించుకుని పోల్చినప్పుడు ఒక్క బిట్ మారినా తెలిసిపోతుంది. కానీ టెరాబైట్ల కొద్దీ దించుకుంటూ కూర్చోలేం కదా. దించుకోకుండానే, ఫైలు చెడకుండా ఉందని సర్వర్‌ను రుజువు అడిగే పద్ధతులను 2007లో రెండు బృందాలు చూపించాయి. ఒకటి జుసెప్పే అటెనీసే బృందం, రెండోది ఆరి జూల్స్, బర్టన్ కలిస్కీ.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం. గిన్నెంతా ఒకేలా ఉడుకుతుంది కాబట్టి అది చాలు. డిస్కు అలా కాదు, ఏదో ఓ మూల చెడుతుంది. అందుకే అటెనీసే పద్ధతిలో ఫైలును బ్లాకులుగా విడగొట్టి, ఒక్కోదానికి మన రహస్య కీతో ఒక ముద్ర వేసి ఎక్కిస్తాం. ఆ తర్వాత ఎప్పుడు కావాలంటే అప్పుడు, లాటరీ తీసినట్టు కొన్ని బ్లాకులు ఎంచి అడుగుతాం. ఏవి అడుగుతామో సర్వర్‌కు ముందే తెలియకూడదు. తెలిస్తే అవి మాత్రమే దాచుకుని మిగతావి వదిలేయొచ్చు. ఆ బ్లాకుల్నీ ముద్రల్నీ కలిపి లెక్కకట్టి, సర్వర్ ఓ చిన్న జవాబు పంపుతుంది. నూటికి ఒక బ్లాకు చెడి ఉందనుకుందాం. 460 బ్లాకులు అడిగితే నూటికి 99 సార్లు దొరికిపోతుంది. అడిగినవన్నీ మంచివే తగిలే అవకాశం ఎంతో చూడాలంటే 0.99ని 460 సార్లు వేసి గుణించాలి; 0.01 కంటే తక్కువే వస్తుంది, అంతే లెక్క. ఫైల్లో లక్ష బ్లాకులున్నా, కోటి ఉన్నా ఆ 460 చాలు! ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ అబ్బురమే.

మరి కోటికి ఒక్కటే చెడితే? ఈ పరీక్షకు దాదాపు దొరకదు. అమ్మమ్మ ముఖం పోవడానికి ఆ ఒక్కటే చాలు. జూల్స్, కలిస్కీ ఇక్కడే ఎర్రర్ కరెక్టింగ్ కోడ్‌ను, అంటే చెడిన డేటాను తిరిగి రాబట్టే లెక్కను, కలిపారు. అలాంటి కోడ్ ఒకటి 1960లోనే ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ కనిపెట్టారు. డేటాను 10 ముక్కలు చేసి, వాటి నుంచి లెక్కకట్టిన మరో 4 ముక్కలు చేరిస్తే, ఆ 14లో ఏ 10 మిగిలినా మొత్తం తిరిగొస్తుంది. కాబట్టి కొద్దిగా చెడితే కోడ్ బాగుచేస్తుంది. కోడ్ బాగుచేయలేనంత చెడితే పరీక్షలో పట్టుబడుతుంది.

నేను వాడే సర్వీసులో ఈ సదుపాయం లేదు. అందుకని ఉన్న ఫోటోలన్నిటికీ హాష్‌ల జాబితా ఒకటి తయారుచేసి, ఇంట్లో వేరే డ్రైవ్‌లో పెట్టాను. నెలకోసారి కళ్లు మూసుకుని కొన్ని ఎంచుకుని, దించి, పోల్చి చూస్తున్నాను.